తాగుబోతు లీడు

ఎల్లారావుకి ఒక జబ్బుంది. పాడైన వస్తువు చేతికిస్తే బాగుచేసి ఊరుకోడు. ఎందుకు పాడైంది, ఎప్పటినుంచి పాడవుతూ వచ్చింది, ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చింది, ఇవన్నీ తేల్చుకుంటే తప్ప మూత బిగించడు. విజయవాడ గవర్నర్‌పేటలో సెల్‌ఫోన్ షాపుల వరస దాటి సందులోకి తిరిగితే ఒక మేడమెట్ల కింద ఉంటుంది అతని కొట్టు. కొత్త సరుకు ముట్టుకోడు. ముప్ఫై నలభై ఏళ్ళనాటి సర్క్యూట్ బోర్డు వస్తే మాత్రం, ఇంటికి చుట్టాలొచ్చినట్టు లేచి ఎదురెళతాడు.

కొట్టులో వెనక గోడ నిండా మేకులు, మేకుకొక లీడు. మీటరునుంచి బోర్డు దాకా వెళ్ళే తీగ లీడు, దాని కొసన బోర్డుని తాకే పుల్ల ప్రోబు. అందులో ఎంచుకోవడానికేముంది, ఏదో ఒకటి పెట్టి చూస్తే పోలా అనుకునేవాళ్ళు ఆ మాట ఎల్లారావు ఎదుట అనకపోవడమే మంచిది. ఆ పూట పని మానేసి మరీ పాఠం చెబుతాడు. పాత బోర్డు మీది రాగిపొర ఇట్టే లేచి వచ్చేస్తుంది, దానికి పళ్ళున్న క్లిప్పు పెట్టడమేమిటి? చిప్పుకి కాళ్ళు దగ్గరదగ్గరగా ఉంటాయి, లావు మొన జారి రెండు కాళ్ళనీ కలిపిందంటే చిప్పు చచ్చి ఊరుకుంటుంది. పైన వార్నిష్ పూసి ఉంటే సూదిమొన గుచ్చాలి, లేకపోతే లేని జబ్బు ఉందని మీటరు అబద్ధం చెబుతుంది. ఇలా చెప్పుకుపోతాడు. వినేవాళ్ళకి టీ కూడా తెప్పిస్తాడు, మధ్యలో లేచిపోకుండా.

ఇదంతా అతనికి పుట్టుకతో రాలేదు. కొల్లేరు పక్కన చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాడు. ఇరవై రెండేళ్ళ కిందట ఇదే కొట్టులో డేనియల్ మేస్త్రీ దగ్గర పనిలో చేరాడు. చేరిన కొత్తలో ఒక చర్చివాళ్ళ పాత ఆర్గన్ బోర్డు మీద అతని చేతిలో లావు ప్రోబు జారింది. చిటుక్కుమని ఒకే ఒక్క శబ్దం. ఆ ఆర్గన్ మళ్ళీ పలకలేదు, అలాంటి చిప్పు ఎక్కడా దొరకలేదు. చర్చి పెద్దాయన దాన్ని దుప్పట్లో చుట్టుకుని తీసుకెళ్తుంటే, ఎల్లారావు ఆయన మొహం చూడలేక వెనక సందులోకి పోయి కూర్చున్నాడు. డేనియల్ మేస్త్రీ తిట్టలేదు. మర్నాడు నాలుగు కుట్టుసూదులూ, తను వాడే నల్ల లీడూ అతని చేతిలో పెట్టి, ముందు చెయ్యి కుదరాలి, మీటరు సంగతి తర్వాత అన్నాడు. మేస్త్రీ పోయి తొమ్మిదేళ్ళయింది. సూదులు చాలా మారాయి గానీ నల్ల లీడు మాత్రం ఇప్పటికీ మొదటి మేకుకే ఉంది.

ఆ నల్ల లీడుకి ఎల్లారావు పెట్టిన పేరు తాగుబోతు. లోపల ఒక సన్నటి తీగ, దాని చుట్టూ జడలా అల్లిన ఇంకో తీగ, పైన నల్లటి తొడుగు, మొత్తం కలిపి రెండు బారల పొడవు. బోర్డు మీద ఎక్కడ పెట్టినా అక్కడి కరెంటు గుక్కెడు తాగితేగాని ఊరుకోదు. గట్టి చోటైతే ఫరవాలేదు, నాజూకు చోటైతే లెక్క తప్పుతుంది. పక్క మేకుకున్న బూడిదరంగు ప్రోబు అలా కాదు, అది పదోవంతు కూడా తాగదు, వాసన చూసి వదిలేస్తుంది. దాని పేరు ఉపవాసం. ఎక్కడ తాగుబోతుని పంపాలో, ఎక్కడ ఉపవాసాన్ని పంపాలో తెలిసినవాడే పనివాడని అతని సిద్ధాంతం.

కార్తీకమాసం వచ్చిన మొదటి బుధవారం పొద్దున్నే, పామర్రునుంచి పూర్ణచంద్రరావుగారనే ఫిడేలు పంతులుగారు ఒక చెక్కపెట్టెని తువ్వాలులో చుట్టుకుని బస్సు దిగి వచ్చారు. అది శ్రుతిపెట్టె. పాడేవాళ్ళ వెనక ఆగకుండా ఒకే స్వరం మీద మోగుతూ, గొంతు ఎక్కడ నిలబడాలో చూపిస్తుందన్నమాట. హరికథలు చెప్పే జ్ఞానప్రసూనాంబగారిది. ఆవిడకి అరవై ఏడేళ్ళు. పంతులుగారు ఆవిడ పక్కన ముప్ఫై ఏళ్ళుగా ఫిడేలు వాయిస్తున్నారు, అక్కయ్యా అని పిలుస్తారు. వారం రోజులనుంచి పెట్టె మూగబోయింది. శనివారం హనుమాన్ జంక్షన్‌లో కథ ఒప్పుకున్నారు. ఫోనులో శ్రుతి పెట్టి చూస్తే ఆవిడకి పడలేదు, రెండు వాక్యాలు పాడి ఫోను అవతల పెట్టేశారు. ఈ పెట్టె పలక్కపోతే ఇక కథలు చాలించేస్తానని భీష్మించుకు కూర్చున్నారు. పంతులుగారు ఇదంతా చెప్పి, మీ చేతుల్లో పెడుతున్నాను నాయనా అన్నారు.

ఎల్లారావు పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు. కంపెనీ సరుకు కాదు, విశ్వేశ్వర్ అనే ఆయనెవరో చేత్తో చేసింది. లోపలి చీటీ మీద ముచ్చటైన అక్షరాలతో, శ్రుతి అయిదున్నర, 1984 అని రాసి ఉంది. శ్రుతి మార్చే మర ఒకటుంది గానీ, అది కదలకుండా లక్క పోసి సీలు వేసేశారు, ఇప్పుడు కదిపితే విరగడమే. ఆవిడ గొంతు అయిదున్నర, మారే పనిలేదు, అందుకని ఆవిడే దగ్గరుండి వేయించుకున్నారట. సంఖ్య పెరిగినకొద్దీ గొంతు పైమెట్టు మీద నిలబడినట్టు. అయిదున్నరంటే మంచి వయసులో ఉన్న ఆడగొంతు నిలబడే చోటు.

వెనక మూతకి నాలుగు స్క్రూలు. నలభై ఏళ్ళ పెట్టెకి స్క్రూలు తుప్పు పట్టకుండా ఏటా ఎవరో విప్పుతున్నట్టు మెరుస్తున్నాయేమిటా అనుకుంటూ మూత తీసిన ఎల్లారావు, అలాగే ఉండిపోయాడు. గోధుమరంగు బోర్డు మధ్యలో, గుండెకాయ లాంటి చిప్పుకి ఆనుకుని, రూపాయి బిళ్ళంత ఎర్రటి పెచ్చు. కింద పసుపు, పైన కుంకం, మళ్ళీ పసుపు, మళ్ళీ కుంకం.

"బొట్టండీ అది," అన్నారు పంతులుగారు, తప్పు చేసినవాళ్ళలా. "దసరాకి ఆయుధపూజ చేస్తాం కదా. చెక్క మీద పెడితే చెక్కకి పెట్టినట్టు, పలికేది లోపల కదా అని అక్కయ్య ఏటా మూత విప్పించి అక్కడే పెడుతుంది."

ఎల్లారావు నవ్వలేదు. మొన్న దసరాకి తనూ మీటరుకి బొట్టు పెట్టాడు. లారీలకి, లేతు మిషన్లకి, కంప్యూటర్లకి, కొల్లేట్లో పడవ ఇంజన్లకి పెట్టినవాళ్ళని చూశాడు. బోర్డుకి పెట్టినవాళ్ళని మాత్రం చూడలేదు. ఇక జబ్బు పైకొచ్చింది. సూదిమొనల లీడ్లు రెండూ దించి, పెచ్చుకి ఈ కొసనొకటి ఆ కొసనొకటి ఆనించి మీటరు చూశాడు. కరెంటు చుక్క చుక్కగా నడుస్తోంది. ఏదో తోచి, నోటితో ఆవిరి పట్టినట్టు పెచ్చు మీద హా అని ఊదాడు. మీటరులో అంకె గబగబా పడిపోయింది, అంటే కరెంటు ధారాళంగా పారుతోంది. తడి ఆరగానే మళ్ళీ లేచింది. మళ్ళీ ఊదాడు. ఇలా ఆరుసార్లు. పంతులుగారు ఇతనికి ఏమైందోనని కొంచెం కంగారుపడ్డారు.

అప్పుడు ఎల్లారావు ఆయనకి అర్థమయ్యేటట్టు చెప్పాడు. ఈ చిప్పు పక్కన ఒక కుండ లాంటిది ఉంది. అది నిండి ఒలకడం, మళ్ళీ నిండడం, అదే ఈ పెట్టె పాట. ఎంత తొందరగా నిండితే శ్రుతి అంత పైన. ఆ కుండకి బొట్టు ఒక చిల్లు పెట్టింది. ఒకపక్క నిండుతుంటే ఇంకోపక్క కారిపోతుంది, నిండడం ఆలస్యమవుతుంది, శ్రుతి దిగుతుంది. ఈ ఏడు కొత్త బొట్టూ, మొన్నటి వానల చెమ్మా కలిసి చిల్లు పెద్దదైంది. కుండ నిండడమే మానేసింది.

వేడిగాలి పెట్టి పావుగంట ఆరబెట్టాడు. స్విచ్చి వేస్తే పెట్టె గొంతు సవరించుకున్నట్టు గరగరలాడి, మోగడం మొదలుపెట్టింది. పంతులుగారి మొహం వెలిగిపోయింది. ఇదే, ఇదే, ఇక మూత బిగించెయ్యండి అన్నారు. ఆ తొందర ఎల్లారావుకి కొంచెం విడ్డూరంగా అనిపించింది.

అలా బిగించేవాడైతే ఎల్లారావు ఎందుకవుతాడు? అలవాటుగా నల్ల లీడు చేతిలోకి తీసుకుని, దాని కొసనున్న చిన్న కొక్కేన్ని చిప్పు కాలికి తగిలించాడు. మోగుతున్న స్వరం జారుడుబల్ల మీదినుంచి దిగినట్టు కిందికి దిగింది. తీశాడు, పైకెక్కింది. బూడిదరంగుది పెట్టాడు, కదల్లేదు. తాగుబోతు ఇక్కడా తాగుతోందన్నమాట! కుండకి తోడు ఇంకో కుండ కట్టినట్టు, రెండూ నిండేసరికి ఆలస్యం. చూసేందుకని పెట్టిన తీగే చూడబోయేదాన్ని మార్చేస్తోంది. ఎన్నోసార్లు తెర మీద గీతల్లో చూశాడు గానీ, ఇలా చెవికి వినపడడం ఇదే మొదలు. చిన్నపిల్లాడిలా మూడుసార్లు పెట్టీ తీసీ విన్నాడు. ఆ తర్వాత సరదాకి ఫోనులో శ్రుతి కొలిచేది తెరిచి పెట్టె పక్కన పెట్టాడు.

చీటీ మీద అయిదున్నర. ఫోనులో నాలుగు.

పంతులుగారు రోడ్డు వైపు చూస్తూ, ఫోన్లు ఏం చెబుతాయి లెండి అన్నారు. ఎల్లారావు అప్పటికే స్పిరిట్ సీసా విప్పాడు. మెత్తటి బ్రష్షుతో నలభై దసరాల పెచ్చుని తడిపి, కరిగించి, ఎర్రటి నీళ్ళని దూదితో అద్ది తీసి, చిప్పు కాళ్ళ మధ్య సూదితో పొడి రాల్చి, ఆరబెట్టి స్విచ్చి వేశాడు. పెట్టె ఈసారి గంట కొట్టినట్టు, ఎక్కడో పైనుంచి పలికింది. ఫోనులో అయిదున్నర, వెంట్రుకవాసి తేడా లేకుండా. ఎంత పనితనమండీ ఆ విశ్వేశ్వర్‌గారిది అంటూ సంబరంగా తిరిగిన ఎల్లారావుకి, స్టూలు మీద తల పట్టుకుని కూర్చున్న పంతులుగారు కనిపించారు.

ఆయన తల ఎత్తకుండానే అసలు సంగతి చెప్పారు. పదకొండేళ్ళ కిందట ఒక కథకి ఇంటి దగ్గరే ఫిడేలు అయిదున్నరకి కట్టుకుని వెళితే, పెట్టెతో కలవలేదు. పెట్టె దిగింది. ఆవిడ దానితోపాటు దిగి హాయిగా పాడుతోంది, ఆ సంగతి ఆవిడకే తెలియదు. పైషడ్జమం మీద, అంటే పైమెట్టు 'స' దగ్గర, అంతకుముందు రెండేళ్ళుగా వణుకుతున్న గొంతు ఆ రోజు వణకలేదు. చెబుదామని నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయారు. ఆ తర్వాత ప్రతి ఏడూ పెట్టె కొంచెం దిగడం, ఆయన తీగలు కొంచెం దించుకోవడం. మృదంగం ఆయనకీ చెవిలో చెప్పి పెట్టారు. నలభై ఏళ్ళయినా నా గొంతు అయిదున్నరే అని ఆవిడ నలుగురిలో చెప్పుకుంటుంటే తల ఊపుతూ వచ్చారు. మొన్న ఫోనులో అయిదున్నర పెడితే అందుకోలేక, ఫోనే తప్పు అందిట.

"ఆ బొట్టు మళ్ళీ పెట్టెయ్యండి నాయనా," అన్నారు ఆయన. "మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఎల్లారావుకి ఒళ్ళు మండింది. బాగుచెయ్యడమంటే వస్తువు పుట్టినప్పుడు ఎలా ఉందో అలా చెయ్యడం. బాగున్నదాన్ని పాడుచెయ్యమని అడగడానికి నోరెలా వచ్చిందన్నాడు. పంతులుగారు కళ్ళు తుడుచుకున్నారు. దానికి ఎల్లారావు మెత్తబడ్డాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. శుభ్రమైన పెట్టెకి మళ్ళీ నల్ల లీడు తగిలించి చూస్తే అయిదున్నరనుంచి సరిగ్గా నాలుగు దాకా దిగింది కాబట్టి, రేపు లీడు పట్టుకుని తనే పామర్రు వస్తాడు. ఆవిడ పాడి సరిపోయిందంటే, లీడు తాగినంతే తాగే చిన్న బిళ్ళ ఒకటి లోపల అతికించేస్తాడు. లక్క సీలు చెదరదు, ఆవిడకి తెలియదు. ఒప్పుకున్నాడే గానీ, ఎల్లారావుకి మనసొప్పలేదు.

గురువారం ఉయ్యూరు మీదుగా బస్సులో, ఒళ్ళో పెట్టె, జేబులో చుట్టచుట్టిన నల్ల లీడు. కిటికీ బయట వరి పొట్ట దశ దాటి వంగుతోంది. మామూలుగా అయితే పక్కవాళ్ళని పట్టుకుని ఏ రకం వేశారు, ఎన్ని తడులు పెట్టారని ప్రాణం తోడేసేవాడు. ఆ రోజు పామర్రు దాకా జేబులో లీడునే తడుముకుంటూ కూర్చున్నాడు.

జ్ఞానప్రసూనాంబగారి ఇల్లు మార్కెట్టు వెనక. మనిషి నిండుగా, నుదుట అర్ధరూపాయంత బొట్టుతో, చూపుతోనే కూర్చోమనేటట్టు ఉంది. ముందు కాఫీ ఇచ్చింది. తర్వాత పెట్టె తిప్పి లక్క సీలు చూసుకుంది. ఎల్లారావు మూత తీసి, లీడు కొక్కెం చిప్పు కాలికి, అదే కొసనున్న చిన్న క్లిప్పు పక్కనున్న ఎర్తు తీగకి తగిలించి, స్విచ్చి వేశాడు. పెట్టె నాలుగు మీద మోగింది. ఆవిడ కళ్ళు మూసుకుని అందుకుంది.

హరికథ అంటే పందిట్లో మైకులో దూరంనుంచి వినడమే ఎల్లారావుకి తెలుసు. అంత పెద్ద గొంతు మూడడుగుల దూరంలో, గది గోడలకి తగిలి వెనక్కొస్తుంటే అతనికి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఈ గొంతుని మూలపడెయ్యడానికి వీల్లేదనుకున్నాడు. పంతులుగారు ఇటు తిరిగి, సరిపోయింది కదా అన్నట్టు కళ్ళతోనే దణ్ణం పెట్టారు.

పాట ఆపి ఆవిడ పెట్టె వెనకనుంచి నేల మీదికి వేలాడుతున్న లీడు వైపు చూసింది.

"ఆ నల్లతోక ఏమిటి నాయనా?"

"టెస్టు లీడండీ అమ్మగారూ."

"ఒక కొస లోపల పెట్టావు, బానే ఉంది. రెండో కొస దేనికీ లేదే? ఇందాకటినుంచి చూస్తున్నాను, ఉత్తినే నేల మీద పడుంది. దేనికీ తగలని తీగ దేనికి?"

ఎల్లారావు తల తిప్పి ఆవిడ వైపు చూశాడు. ఇరవై రెండేళ్ళలో కొట్టుకొచ్చినవాళ్ళు ఎప్పుడిస్తావనే అడిగారు గానీ, ఒక్కరూ ఆ మాట అడగలేదు. అడగవలసింది అదే. తనైనా అదే అడిగేవాడు. పంతులుగారు దగ్గారు. ఆవిడ ఆయన వైపు చూడనైనా చూడకుండా, తీస్తే ఏమవుతుంది అని అడిగింది. అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. చెయ్యి మాత్రం దాని పని అది చేసింది. కొక్కెం తీసేశాడు.

స్వరం పైకి లేచింది. ఆవిడ కనుబొమలు దానితోపాటు లేచాయి. దానితో గొంతు కలిపింది. కింది స్వరాలు బానే నడిచాయి. పంచమం దాటాక బిగిసింది. పైషడ్జమం దగ్గర గొంతు రెండుగా చీలింది. ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ ఎక్కింది. మళ్ళీ చీలింది. మూడోసారి అక్కడిదాకా వెళ్ళనేలేదు. పెట్టె ఒక్కటే మోగుతోంది. ఎల్లారావు చెవుల్లో మాత్రం ఇరవై రెండేళ్ళనాటి చిటుక్కు వినిపించింది. ఇంకో ఆర్గన్‌ని చంపేశాననుకున్నాడు.

"ఈ రెండిట్లో విశ్వేశ్వర్‌గారు పెట్టిందేది?" అని అడిగింది.

"ఇప్పుడు మోగేదేనండీ." కుంకం సంగతి, చెమ్మ సంగతి, దాచకుండా చెప్పేశాడు.

"అయితే ఫోను మంచిదేనన్నమాట." అప్పుడు పంతులుగారి వైపు తిరిగింది. "ఎన్నేళ్ళయింది తమ్ముడూ?"

"పదకొండేళ్ళు అక్కయ్యా."

ఆవిడకి కోపం వచ్చింది. ముసలిదాన్నయ్యానని కాదు, అది అందరికీ వచ్చేదే అంది. పందిట్లో నా పక్కన కూర్చున్నవాళ్ళందరికీ తెలిసి, నాకొక్కదానికే తెలియకుండా అయిదున్నర, అయిదున్నర అని డప్పు కొట్టుకున్నాను చూడు, ఆ వెర్రితనం ఎలా మింగను అంది. నీకు జాలి వేసి ఉంటుంది, నన్నడిగితే ఆ జాలి వద్దనేదాన్ని అంది. పంతులుగారు చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఎల్లారావు సామాను సర్దుకోవడం మొదలుపెట్టాడు. లీడు చుట్టబోతుండగా ఆవిడ మంచినీళ్ళ గ్లాసుతో తిరిగొచ్చింది, మొహం కడుక్కున్నట్టుంది. ఆ తీగ మళ్ళీ పెట్టమంది. పెట్టాడు.

"పెడితే నాలుగు, తీస్తే అయిదున్నర. మధ్యలో ఏమీ లేదా?"

ఆ ప్రశ్న వినగానే ఎల్లారావుకి ప్రాణం లేచొచ్చింది. ఎందుకు లేదు! తాగేది తీగ పొడవే. రెండు బారల తీగ రెండు బారలంత తాగుతుంది, బారెడు తీగ బారెడంతే తాగుతుంది. పొడవు తగ్గిస్తే శ్రుతి దానంతట అది ఎక్కుతుంది. ఇదంతా చెప్పి, దానికి తగిన బిళ్ళ కొట్టులో వెతికి రేపు తెస్తానన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. కంటికి కనపడని మార్పులతో పదకొండేళ్ళు గడిచాయి, ఇక ఏం జరిగినా నా కళ్ళ ముందే జరగాలి అంది.

"దాన్నే కొయ్యి."

"కోస్తే మళ్ళీ అతకదండీ అమ్మగారూ." అది డేనియల్ మేస్త్రీ లీడని చెప్పలేదు.

"నా గొంతు మాత్రం అతుకుతుందా? కొయ్యి."

ఎల్లారావు కటింగ్ ప్లయర్ తీశాడు. ఒక్క క్షణం ఆ నల్లతొడుగు మీద మేస్త్రీ వేళ్ళ అరుగుదల తడిమి, చివరనుంచి జానెడు తుంచాడు. స్వరం వెంట్రుకవాసి ఎక్కింది. ఆవిడ పైషడ్జమం అందుకుంది, అందింది. పంతులుగారు చాలక్కయ్యా అన్నారు. ఇంకొంచెం అంది ఆవిడ. ఇంకో జానెడు. అందింది. ఇంకొంచెం. ప్రతి ముక్కకీ పంతులుగారు చాలనడం, ఆవిడ చెయ్యి ఊపడం, ముక్క నేల రాలడం. తెగిన ముక్క మళ్ళీ రాదు, ఒక్కటి ఎక్కువైతే ఇంతే సంగతులు. ఆవిడ పంతానికి పోయి అయిదున్నర దాకా కోయిస్తుందేమోనని ఎల్లారావు భయపడ్డాడు. ఎనిమిదో ముక్క పడ్డాక ఆవిడ పైషడ్జమం మీద నిలబడింది. గొంతు సన్నగా వణికింది, చీల్లేదు. నిలబడేకొద్దీ వణుకు తగ్గింది. ఎల్లారావు తొమ్మిదో ముక్కకి ప్లయర్ ఆనించాడు.

"చాలు," అంది. కళ్ళు తెరిచి, "ఇదీ నేనుండే చోటు. ఎంత?" అని అడిగింది.

ఎల్లారావు ఫోను చూసి, నాలుగున్నరండీ అన్నాడు.

మిగిలిన తీగని చుట్టచుట్టి పెట్టెలోనే అతికించాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, చీటీ మీద అయిదున్నర కొట్టేసి, పక్కన నాలుగున్నర అని తన చేత్తో రాసుకుంది. ఆ వెంటనే కుంకంభరిణె పట్టుకురాగానే ఎల్లారావు రెండు చేతులూ బోర్డు మీద అడ్డం పెట్టేశాడు. అతను వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ మొదటిసారి నవ్వి, మూత బిగించనిచ్చి, చెక్క మీదే పెట్టింది.

పంతులుగారు ఫిడేలు ఒళ్ళోకి తీసుకుని బిరడాలు తిప్పుతున్నారు. ఏళ్ళ తరబడి దిగడమే అలవాటైన తీగలు కిర్రుమంటున్నాయి. తెగుతాయేమోనని ఆయన భయంభయంగా, కొంచెం తిప్పి ఆగి, కొంచెం తిప్పి ఆగి కడుతున్నారు.

"పదకొండేళ్ళు దించుతూనే ఉన్నాను అక్కయ్యా. ఎక్కించడం ఇదే."

"ఎక్కించు మరి," అంది ఆవిడ. "నువ్వు నన్ను అరశ్రుతి తక్కువ లెక్కేశావు తమ్ముడూ."

ఆయన తల వంచుకుని నాలుగు తీగలూ కట్టడం పూర్తిచేశారు. నేల మీద పడ్డ నల్లటి ముక్కలు ఎనిమిదీ ఎల్లారావు ఏరి జేబులో వేసుకున్నాడు. ఆవిడ మళ్ళీ మొదటినుంచి అందుకుంది. ఆఖరి బస్సుకి టైమైనా అతను లేవలేదు.